ఆ వీధిలో నా వరస

మొదటి సాయంత్రం ఆ ఇంటి ముందు ఉన్నవి ఇవి. ఒక నులక మంచం, దాని మీద ఇంటాయన తల్లి, ఆవిడ ఒళ్ళో చాట, చాటలో ఎండుమిరపకాయలు. మంచం పక్కన రెండు గోతాలు, ఒకటి విప్పింది, ఒకటి ఇంకా కుట్టు విప్పనిది. రెండు ప్లాస్టిక్ కుర్చీలు, ఒకదానికి చెయ్యి విరిగింది, విరగనిదాంట్లో ఇంటాయన. మెట్టు మీద ఇంటావిడ, చేతిలో ఫోను. గేటుకు ఆనుకుని వీధి మొదట్లో ఉన్న వెల్డింగ్ షాపాయన. ఆ తర్వాత నేను, నా రెండు బ్యాగులు, మూడుకాళ్ళ స్టాండు, లెవెల్ యంత్రం ఉన్న పసుపు పెట్టె. మొత్తం మనుషులు అయిదుగురు. అందులో నలుగురు ఒకరినొకరు ఏదో ఒక వరసతో పిలుచుకుంటున్నారు.

నరసరావుపేటలో మంచినీళ్ళ కొత్త పైపులు వేసే కాంట్రాక్టరు దగ్గర సర్వే పని నాది. మార్కెట్ యార్డుకు పది నిమిషాల నడకలో ఉన్న ఆ వీధిలో, మేడ మీద ఒక గది అద్దెకు తీసుకున్నాను.

“ఏ ఊరు నాయనా?” పెద్దావిడ చేతులు ఆపకుండానే అడిగింది.

“వైజాగండీ.”

“వైజాగు సరే. మీ సొంతూరు?”

“అదేనండి. క్వార్టర్స్‌లో పెరిగాను.”

“మీ తాతదో?”

“ఆయన కూడా ఉద్యోగానికే అక్కడికి వచ్చారండి.”

“యాణ్ణుంచి వచ్చాడు?”

తెలియదన్నాను. నిజంగానే తెలియదు. మా ఇంట్లో ఆ మాట ఎవరూ ఎత్తలేదు, నేనూ అడగలేదు. ఆవిడ నా ముఖం వంక ఒకసారి చూసి, “మంచిది నాయనా,” అని మళ్ళీ కాయల తొడిమలు తీసుకుంటూ కూర్చుంది. ఇంటావిడ లేచి, “పైన కుడిచేతి గది ఇంజనీరు గారూ. మోటారు స్విచ్చి మెట్ల కింద ఉంటది,” అంది.

నేను ఇంజనీరుని కాను, డిప్లొమా చేశాను. ఆ సంగతి తర్వాత రెండుసార్లు చెప్పి చూశాను. రెండుసార్లూ “అదేలెండి ఇంజనీరు గారూ,” అన్నారు.

పక్క గదిలోకి అతను పదకొండు రోజుల తర్వాత దిగాడు. మిరప విత్తనాల కంపెనీలో పని, ఊళ్ళు తిరిగి రైతులతో మాట్లాడే ఉద్యోగం. నా వయసే. ఒక బ్యాగు, ఒక హెల్మెట్. అప్పుడు కూడా పెద్దావిడ మంచం మీదే ఉంది, నేను మెట్ల మీద బూట్లు విప్పుకుంటున్నాను.

“ఏ ఊరు నాయనా?”

“కృష్ణ అవతలమ్మా. మిర్యాలగూడ దిక్కు.” ఆ తర్వాత ఊరి పేరు చెప్పాడు.

చాట ఆగింది. “ఆ ఊరికేగా మా ఆడబిడ్డనిచ్చింది! ఇప్పుడు లేదులే, పోయింది. మీ ఇల్లు యాడ ఆ ఊళ్ళో?”

“ఊరి చివర్నే అమ్మా.”

“అయితే ఇంకేంది, నువ్వు నా ఆడబిడ్డ మనవడి కింద లెక్క. మావాడికి మేనల్లుడి వరస. అమ్మాయ్, నీ అల్లుడొచ్చాడే!” అని లోపలికి కేక పెట్టింది.

ఇంటావిడ తడిచేతులు చీర కొంగుకు తుడుచుకుంటూ వచ్చి, అతన్ని చూసి, “రా అల్లుడూ, కాఫీ తాగుతావా?” అంది. అతను, “తాగుత అత్తయ్యా,” అని హెల్మెట్ మంచం మీద పెట్టి, పెద్దావిడ పక్కన కూర్చుని, చాటలోంచి రంగు మారిన తాలుకాయలు ఏరడం మొదలుపెట్టాడు. సమయం చూశాను. గేటు తీసిన దగ్గర్నుంచి ఇక్కడిదాకా మూడు నిమిషాలు పట్టింది.

నాకు కాఫీ పైకి పంపించారు. స్టీలు గ్లాసు మీద మూత పెట్టి.

ఆ వీధి గురించి నాకు తెలియనిది లేదని అప్పట్లో అనుకునేవాణ్ణి. ఇళ్ళు నలభై మూడు. పాత కుళాయి కనెక్షన్లు ముప్ఫై ఎనిమిది. వెల్డింగ్ షాపు దగ్గర రోడ్డు ఎత్తు, అక్కణ్ణుంచి పద్నాలుగో ఇంటి దాకా పల్లం, మళ్ళీ చివరికి లేస్తుంది. అందుకే నీళ్ళు వదిలిన రోజు పద్నాలుగో ఇంటికి ముందు వస్తాయి, చివరి మూడిళ్ళకు సన్నటి ధార. ఏ గోడ రోడ్డు మీదికి ఎంత జరిగిందో కూడా సెంటీమీటర్లలో నా దగ్గర ఉంది. స్టాండు పెట్టి అద్దంలోంచి చూస్తుంటే ఆడవాళ్ళు బిందెలు పక్కకు జరిపి, “ఇంజనీరు గారికి అడ్డం రాబాకండే,” అని దారిచ్చేవారు.

అతనికి ఈ లెక్కలేవీ తెలియవు. కానీ పద్నాలుగో ఇంటావిడకు, చివరి ఇంటావిడకు ఆరేళ్ళుగా మాటల్లేవని తెలుసు. ఇద్దరూ తోడబుట్టినవాళ్ళని కూడా తెలుసు. నీళ్ళ దగ్గరే గొడవ మొదలైందట. నేను ఆ రెండిళ్ళ మధ్య లెవెల్ తేడా నాలుగుసార్లు కొలిచాను. నాకు ఎవరూ చెప్పలేదు.

అసూయ అనే మాట మొదట్లో నేను వాడలేదు. అతను నాకంటే వెనక వచ్చాడు, అయినా ముందు కలిసిపోయాడు, ఇందులో ఏదో పొరపాటుంది అనుకున్నాను. తర్వాత చూసుకుంటే నేను రోజూ గమనిస్తున్నవన్నీ ఒకే రకానివి. వాళ్ళింట్లో చేపల పులుసు చేస్తే నాకు గిన్నె నా గుమ్మం దాకా వచ్చేది. అతను వంటింట్లోకి వెళ్ళి మూత తనే తీసేవాడు. నేను అద్దె ఇవ్వడానికి వెళితే విరగని కుర్చీ వేసి ఫ్యాను వేసేవారు. అతను నేల మీద కూర్చుని టీవీ చానెల్ మార్చేవాడు.

చెప్పుల సంగతి అన్నిటికంటే ఎక్కువ గుచ్చుకుంది. ఒక పొద్దున ఇంటావిడ మెట్ల దగ్గర నుంచి అరిచింది. “ఏందిరా ఇది, తోవకు అడ్డంగా ఇడిచావు? మీ అమ్మ కూడా ఇట్టాగే పెంచిందా? తియ్యి!”

“తీస్తున్న అత్తయ్యా, జర ఊపిరాడనియ్యి!” అని అతను పళ్ళు తోముకుంటూనే దిగాడు.

మర్నాడు నేను నా బూట్లు కావాలనే మెట్టు మీద అడ్డంగా విడిచి, పైన పిట్టగోడ చాటున నిలబడ్డాను. ఇరవై ఆరేళ్ళవాణ్ణి. ఇంటావిడ వచ్చింది, చూసింది, వంగి రెండు బూట్లూ చేత్తో తీసి గోడవారగా జతగా పెట్టి వెళ్ళిపోయింది. ఒక్క మాట అనలేదు. పెద్దావిడ వయసు ఆడమనిషి చేత కాదుగానీ, మా అమ్మ వయసు మనిషి చేత బూట్లు మోయించాను. ఆ రోజు దిగి ఆవిడ ఎదుట పడడానికి మొహం చెల్లలేదు.

శివరాత్రికి కొండ తిరునాళ్ళకు ఇంటిల్లిపాదీ బయలుదేరారు. ఎవరిదో ట్రాక్టరు మాట్లాడుకున్నారు. ఇంటావిడ మేడ మీదికి వచ్చి తలుపు కొట్టి, “మీరు కూడా వస్తారా ఇంజనీరు గారూ? జనం చానా ఉంటారు, ఇబ్బంది పడతారేమో,” అంది. అట్లా అడిగాక రానని తప్ప ఏం చెప్పగలను? పని ఉందన్నాను. కిందికి చూస్తే అతను అప్పటికే ట్రక్కులో నిలబడి పెద్దావిడకు చెయ్యి అందిస్తున్నాడు. నన్ను అడిగారు. అతన్ని అడగలేదు.

ఆ సెలవు రోజు ఖాళీ ఇంట్లో కూర్చుని పట్టిక వేశాను.

నాకు తెలిసిన పద్ధతి అదే. ఏదైనా అర్థం కాకపోతే అడ్డగీతలు, నిలువుగీతలు. ఎవరు ఎవర్ని ఏమని పిలుస్తున్నారో, చెవిన పడినవన్నీ రాసుకున్నాను. వెల్డింగ్ షాపాయన ఇంటాయన్ని బాబాయ్ అంటాడు. ఆయన నమాజుకు పోయేవాడు, వీళ్ళు కొండకు పోయేవాళ్ళు. అయినా వాళ్ళ నాన్న, ఇంటాయన ఒకే జిన్నింగ్ మిల్లులో పని చేశారు కాబట్టి అన్నదమ్ముల వరస కుదిరిపోయింది. విత్తనాలతను ఇంటావిడను అత్తయ్య అంటాడు. పెద్దావిడను కొందరు నాయనమ్మ అంటారు, కొందరు అమ్మమ్మ అంటారు. ఇది చూశాక నాకు ధైర్యం వచ్చింది. రక్తసంబంధం అక్కర్లేదు, మతం అక్కర్లేదు, ఊరు కూడా అక్కర్లేదు. ఎవరో ఒకరు మొదలుపెట్టాలి, అంతే. వాళ్ళు నన్ను పిలవడం లేదంటే నేను వాళ్ళను ‘అండీ’ అనడం వల్లనే అయ్యుండాలి. పట్టికలో ఎక్కువసార్లు వినబడిన పిలుపులను ఎంచుకున్నాను. ఇంటాయనకు బాబాయ్. ఇంటావిడకు అత్తయ్య.

ఆదివారం సాయంత్రం దాకా ఆగాను, అందరూ బయట ఉండే సమయం కాబట్టి. ఇంటావిడ తప్ప మిగతా ముగ్గురూ ఉన్నారు, అతను కూడా ఉన్నాడు. అద్దె కవరు చేత్తో పట్టుకుని, గొంతు సవరించుకుని, ఇంటాయన్ని అడిగాను.

“బాబాయ్, అత్తయ్య ఉన్నారా లోపల?”

ముందు పెద్దావిడ నవ్వింది. నవ్వు ఆగక మంచం పట్టె పట్టుకుంది.

“ఏందయ్యో! నా కొడుకు నీకు బాబాయా? నా కోడలు నీకు అత్తా? బాబాయి అంటే మీ నాన్న తమ్ముడు. అత్త అంటే మీ నాన్న తోబుట్టువు. ముప్ఫై ఏళ్ళు కాపురం చేశాక ఇద్దరినీ అక్కాతమ్ముళ్ళని చేశావు గదయ్యా!”

“ఇప్పుడు విడాకులు ఇప్పించాల్సిందే బాబాయ్,” అన్నాడు వెల్డింగ్ షాపాయన.

“ఏమే, విన్నావా?” ఇంటాయన లోపలికి కేకేశాడు. “రాఖీ తెచ్చి కట్టు నాకు!”

అతను అందరికంటే ఎక్కువ నవ్వాడు. గేటు పట్టుకుని వంగిపోయి నవ్వాడు. అందులో చెడ్డతనం లేదని ఇప్పుడు అనిపిస్తుంది. అప్పుడు అనిపించలేదు.

తప్పు ఎక్కడుందో నాకు మెట్లెక్కేలోపే అర్థమైంది. సర్వేలో మొదటి నెలే నేర్పుతారు, ఒక గుర్తు నుంచి తీసిన ఎత్తును వేరే గుర్తు నుంచి తీసిన ఎత్తుతో కలపకూడదని. బాబాయ్ అన్నది వెల్డింగ్ షాపాయన లెక్క, ఆ లెక్కలో ఇంటావిడ పిన్ని అవుతుంది. అత్తయ్య అన్నది విత్తనాలతని లెక్క, అందులో ఇంటాయన మామయ్య. నేను ఒకటి అక్కణ్ణుంచి, ఒకటి ఇక్కణ్ణుంచి తెచ్చి అతికించాను. క్వార్టర్స్‌లో అందరూ అంకుల్, ఆంటీ. అక్కడ ఏది ఎక్కడ అతికించినా సరిపోయేది.

వారం రోజులు వీధంతా నవ్వుకుంది. టీ కొట్టు దగ్గర నన్ను చూసి ఎవరో, “అక్కాతమ్ముళ్ళు బాగున్నారా?” అని అడిగారు. ఆ పిలుపు ఎత్తే ధైర్యం మళ్ళీ చేయలేదు. నవ్వారు కదా, ఇక దగ్గరవుతారేమో అనుకున్నాను. తర్వాత రోజు ఇంటావిడ, “ఏమనుకోబాకండి ఇంజనీరు గారూ, మా అత్తకు నోరాగదు,” అని క్షమాపణ చెప్పింది. అది నవ్వు కంటే అధ్వాన్నం.

ఎండలు ముదిరాక ఒకరోజు అతను తన డ్రైవింగ్ లైసెన్సు ఫొటో నా ఫోనుకు పంపాడు. వాళ్ళ కంపెనీ వాళ్ళు కాపీ అడిగారట, మా సైట్ ఆఫీసులో ప్రింటర్ ఉందని అతనికి తెలుసు కాబట్టి నాకు పంపాడు. ప్రింటు తీస్తూ అడ్రసు చదివాను. మిర్యాలగూడ కాదు. దానికి దరిదాపుల్లో కూడా కాదు. వరంగల్ దాటాక ఎక్కడో ఒక పల్లె. పుట్టింది, చదివింది, ఉన్నది అంతా అక్కడే అని మెల్లగా అడిగితే అతనే చెప్పాడు. పెద్దావిడ ఆడబిడ్డ ఊరికీ అతనికీ ఏ సంబంధం లేదు.

నాకు కలిగింది సంతోషమే. దాచను. మూడు నిమిషాల్లో అతను సంపాదించుకున్నదంతా తప్పుడు గుర్తు మీద కట్టింది. గుర్తు తప్పయితే దాని మీద లెక్కలన్నీ కొట్టేయాల్సిందే కదా. రెండు రోజులు ఆగాను. ఆగింది మంచితనంతో కాదు, పెద్దావిడ ఒంటరిగా దొరకలేదు.

మూడో రోజు మధ్యాహ్నం ఇంటావిడ టైలరు దగ్గరికి వెళ్ళింది. పెద్దావిడ ముందుగదిలో చాప మీద పడుకుని ఉంది. కరెంటు పోయి అప్పుడే వచ్చింది. గుమ్మం దగ్గర నిలబడి చెప్పాను.

“పై గది అతనిది మిర్యాలగూడ కాదండి. వరంగల్ అవతల. మీ ఆడబిడ్డ గారి ఊరు అతను చూసి కూడా ఉండడు.”

ఆవిడ లేవలేదు. తల మాత్రం నా వైపు తిప్పింది.

“నాకు తెలవదా?”

“తెలుసా అండీ?”

“ఆ ఊళ్ళో చివర ఇళ్ళు యాడున్నాయయ్యా? చివరంతా వాగు. వాడు ఊరి చివర అన్నప్పుడే అనుకున్నా.”

“మరి... అల్లుడన్నారు కదండీ.”

“వాడికి కావాల్సొచ్చింది, అన్నాడు. వచ్చీ రాంగానే కావాలన్నాడు. నాకేం పోయింది?” చాప అంచు సర్దుకుంది. “నువ్వు మూడు నెలల్నుంచి ఉండావు. యాణ్ణుంచో తెలవదన్నావు, పైకి పోయావు. అబద్ధమన్నా ఆడలా.”

అబద్ధం ఆడకపోవడం తప్పు అవుతుందని ఎక్కడా చదువుకోలేదు. ఆవిడ మోచేతి మీద లేచి కూర్చుంది, జుట్టు ముడేసుకుంటూ నన్ను పై నుంచి కింది దాకా చూసింది.

“ఇది చెప్పటానికి ఎండలో మెట్లు దిగొచ్చావా?”

“అవునండి.”

“మా కోడలు లేకుండా చూసి?”

నేను తలుపు గడియ పైకీ కిందికీ జరిపాను.

“ఛీ. ఇంటోడి మీద ఇంటోళ్ళు చాడీలు చెప్పినట్టు చెబుతున్నావు. మా పెద్ద మనవడు ఇంతే, చెల్లెలు బెల్లం తిన్నదని చెప్పను వచ్చేవాడు.” అసహ్యంగానే అంది, నవ్వలేదు. చాప మీద మళ్ళీ ఒరిగి, అటు తిరిగి, “ఒరేయ్, ఆ ఫ్యానెయ్యి,” అంది.

స్విచ్చి తలుపు వెనక ఉంది. వేశాను. ఫ్యాను తిరగడం మొదలయ్యేదాకా అక్కడే నిలబడ్డాను, ఇంకేమన్నా అంటుందేమోనని. అప్పటికే నిద్రలోకి జారుకుంది.

ఆ ‘ఒరేయ్’ అన్న మాట ఆవిడ పొరపాటున అన్నదా, కావాలని అన్నదా అని ఆ రోజంతా ఆలోచించాను. మర్నాడు మెట్ల మీద అతను ఎదురయ్యాడు.

“అన్నా, ముసలామెకు చెప్పినవంట గదా, నాది గా ఊరు కాదని?”

చెప్పానన్నాను.

“మంచిగ జేసినవ్. ఎప్పుడు దొరికిపోతనో అని నాకే భయమయ్యేది. గా పేరు నేను బస్సు బోర్డు మీద జూసిన అన్నా, వచ్చేటప్పుడు. నోటికొచ్చింది, అనేసిన!” అని నా భుజం మీద చరిచి, రెండేసి మెట్లు దిగుతూ కింద నుంచి, “అమ్మమ్మా, ఇంక నేను ఎవరి మనవణ్ణి?” అని అరిచాడు.

“నీ మొహం, యాడికి పోతావు, నా మనవడివే! టిఫిన్ తిని తగలడు!” లోపల్నుంచి ఆవిడ గొంతు.

అతనికి కోపం కూడా రాలేదు. కోపం వచ్చి ఉంటే నాకు కొంత తేలికగా ఉండేది. అబద్ధం బయటపడ్డాక కూడా అతని స్థానం ఒక్క మిల్లీమీటరు కదల్లేదు. నేను నిజం చెప్పి పొందింది చాడీలు చెప్పేవాడి వరస. అదైనా వరసే అని నాకు నేను చెప్పుకున్నాను. ఇంటాయన, ఇంటావిడ, వెల్డింగ్ షాపాయన చివరి రోజు దాకా నన్ను ఇంజనీరు గారూ అనే పిలిచారు.

ఆ మధ్యాహ్నం తర్వాత నేను ఆ ఇంట్లో ఉన్నది నూట పన్నెండు రోజులు. అన్ని రోజుల్లో పెద్దావిడ నన్ను ‘ఒరేయ్’ అన్నది తొమ్మిదిసార్లు. అతన్ని అన్నవి ఒక్క ఆదివారం మాత్రం లెక్కపెట్టాను, పొద్దున టిఫిన్ నుంచి మధ్యాహ్నం భోజనం దాకా. పద్నాలుగు.